మోటారు వాహనముల దొంగతనము - చట్టము - గ్రామ ప్రజల కర్తవ్యము

రాయలసీమ పల్లెలలో ఒకప్పుడు రైతు కలిమి అతని పశువుల కొట్టములో కనబడుచుండెడిది. ఎద్దుల జత పోయినచో ఆ రైతు గిట్టల జాడ పట్టుకొని ఊరూరు తిరిగి, సంతలన్నియు వెదకెడివాడు. యజమాని ఎద్దును గుర్తించును. ఎద్దును యజమానిని గుర్తించును. ఈనాడు ఆ కొట్టములోనే ట్రాక్టరు నిలిచియున్నది; వాకిట మోటారు సైకిలున్నది. మోటారు బండికి యజమాని యెవరో తెలియదు. తాళపుచెవి యెవరి చేతిలోనున్న వారి వెంట పోవును. దాని జాడ తారు రోడ్డుమీద నిలువదు.

నందికొట్కూరు ప్రాంతమునకు ఈ విషయము మరింత ముఖ్యమైనది. 2022 ఏప్రిల్ 4వ తేదీన కర్నూలు జిల్లానుండి విడివడి నంద్యాల జిల్లాలో చేరిన ఈ పట్టణము, కర్నూలునుండి ఆత్మకూరు పోవు రహదారిమీద నున్నది. చుట్టునున్న పగిడ్యాల, జూపాడుబంగ్లా, మిడుతూరు, పాములపాడు మండలముల రైతులు ధాన్యము, మొక్కజొన్న, మిరప మున్నగు పంటలను ఈ దారిన తరలించుచుందురు. ఒకవైపున కర్నూలు దాటి తుంగభద్ర వంతెన మీదుగా పోయినచో తెలంగాణ రాష్ట్రము. మరియొకవైపున ఆత్మకూరు మీదుగా నల్లమల అడవి. రాత్రి పది గంటలకు అపహరింపబడిన బండి తెల్లవారునప్పటికి వేరొక రాష్ట్రములో నుండగలదు. కావున చట్టమేమి చెప్పుచున్నదో, బండి పోయిన వెంటనే ఏమి చేయవలెనో, పాత బండి కొనునప్పుడు ఏమి చూడవలెనో ప్రతి కుటుంబము తెలిసికొనియుండుట అవసరము.

చట్టము మారినది

మన దేశములో నూట అరువది సంవత్సరములకు పైగా దొంగతనమును గూర్చిన నిబంధనలు 1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతిలో నుండెను. అది 1862 జనవరి 1వ తేదీన అమలులోనికి వచ్చినది. దొంగతనమునకు అందులోని 378, 379 సెక్షనులు గ్రామములలో సైతము సుపరిచితములు. 2024 జూలై 1వ తేదీనుండి దాని స్థానమున "భారతీయ న్యాయ సంహిత" అమలులోనికి వచ్చినది. నేర విచారణ పద్ధతిని నిర్ణయించు పాత స్మృతికి బదులు "భారతీయ నాగరిక సురక్షా సంహిత", సాక్ష్యముల చట్టమునకు బదులు "భారతీయ సాక్ష్య అధినియమము" అదే తేదీన అమలైనవి. ఆ తేదీకి పూర్వము జరిగిన నేరములకు పాత శిక్షాస్మృతియే వర్తించును. ఇప్పుడు దొంగతనమునకు సంబంధించిన మూల నిబంధన న్యాయ సంహితలోని 303వ సెక్షను. సంఖ్య మారినను, నేరముయొక్క లక్షణము మారలేదు.

దొంగతనమనగా నేమి?

చట్టము దృష్టిలో దొంగతనమునకు ఐదు అంశములు కావలెను. ఒకటి, వస్తువు చరాస్తియై యుండవలెను. రెండు, అది మరియొకరి స్వాధీనములో నుండవలెను. మూడు, వారి అంగీకారము లేకుండ తీసికొనవలెను. నాలుగు, నిజాయితీ లేని ఉద్దేశముండవలెను. అనగా తనకు అక్రమ లాభము గాని, ఎదుటివానికి అక్రమ నష్టము గాని కలిగింపవలెనను తలంపు. ఐదు, ఆ ఉద్దేశముతో వస్తువును కదల్చవలెను.

ఈ చివరి అంశమును చాలమంది గమనింపరు. వస్తువును దూరముగా తీసికొనిపోవుట, దాచుట, అమ్ముట - ఇవేవియు దొంగతనము పూర్తియగుటకు అవసరము కావు. శాసనకర్తలు దీనిని విశదపరచుటకు ఇచ్చిన ఉదాహరణము రైతులకు సులభముగా బోధపడును. ధనపు పెట్టెను మోయుచున్న ఎద్దు ఒకటి దారిలో కనబడగా, ధనమును అపహరింపదలచినవాడు దానిని తన దారికి మరల్చి తోలినచో, ఎద్దు కదలిన మరుక్షణముననే ధనపు దొంగతనము పూర్తియైనట్లు. అదేవిధముగా ఇంటి ముందున్న మోటారు సైకిలును తాళము విరిచి పది అడుగులు నెట్టుకొనిపోయి, కుక్కలు మొరుగగా వదలి పారిపోయినవాడు కూడ దొంగయే. బండి దొరికినది గదా యని నేరము లేకపోలేదు. తాళము విరుచుచుండగానే, బండి కదలక పూర్వమే పట్టుబడినచో అది దొంగతనపు ప్రయత్నము. దానికి 62వ సెక్షను క్రింద ఆ నేరమునకు విధింపదగిన గరిష్ఠ కారాగార శిక్షలో సగమువరకు విధింపవచ్చును.

రెండవ అంశమును కూడ జాగ్రత్తగా చదువవలెను. చట్టము అడుగునది "ఎవరి సొత్తు?" అని కాదు, "ఎవరి స్వాధీనములో నున్నది?" అని. రైతు తన ట్రాక్టరును మరమ్మతు షెడ్డులో ఇచ్చెననుకొందము. మేస్త్రీ పనిచేసి, కూలి ముట్టువరకు బండిని తనవద్ద నుంచుకొనుటకు అతనికి హక్కు కలదు. ఆ కూలి ఎగవేయదలచి, రాత్రివేళ మేస్త్రీకి తెలియకుండ రైతు తన ట్రాక్టరును తానే తోలుకొనిపోయినచో, అదియు దొంగతనమే. తన సొత్తును తానే దొంగిలించుట వింతగా తోచవచ్చును గాని, చట్టము చెప్పుచున్నది ఇదే.

"రేపు తెచ్చి ఇచ్చెదను" అనువారు

పండుగకో, తిరునాళ్లకో, సినిమాకో పోవుటకు పొరుగువాని బండిని చెప్పకుండ తీసికొనిపోయి, మరునాడు తెచ్చి నిలుపు యువకులు కొందరు కలరు. "మేము ఉంచుకొనలేదే, అమ్ముకొనలేదే" యని వారు వాదింతురు. ఇంగ్లండు దేశములో ఈ వాదమునకు కొంత బలము కలదు. అక్కడి 1968 నాటి దొంగతనపు చట్టము ప్రకారము యజమానికి శాశ్వతముగా వస్తువు దక్కకుండ చేయవలెనను ఉద్దేశముండిననే దొంగతనమగును. అందువలన అనుమతిలేక బండి తోలుటను అక్కడ ప్రత్యేక నేరముగా నిర్ణయించిరి. మన చట్టములో శాశ్వతముగా అను మాట లేదు.

ఇందుకు ఒక విమానము కథ సాక్ష్యము. 1952 మే నెలలో జోధ్‌పూరులోని వైమానిక శిక్షణాలయమునందలి ఇద్దరు శిక్షార్థులు అనుమతి లేకుండ ఒక శిక్షణ విమానమును ఎక్కి సరిహద్దు దాటి పాకిస్తానులో దిగిరి. విమానమును తమ సొంతము చేసికొనుట తమ ఉద్దేశము కాదని వాదింపబడెను. 1957లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి, తాత్కాలికముగా నైనను యజమాని స్వాధీనమునుండి అక్రమముగా తప్పించుట దొంగతనమే యని తీర్పు చెప్పినది. 1963లో మరియొక తీర్పులో, కార్యాలయమునుండి ఒక ఫైలును తీసికొనిపోయి మరునాడు తిరిగి చేర్చినను అది దొంగతనమే యని అదే న్యాయస్థానము నిర్ణయించినది. విమానమునకు వర్తించిన న్యాయము మోటారు సైకిలునకు వర్తింపకపోదు.

ఉద్దేశము దొంగతనము కాదని తేలినను, తప్పించుకొను మార్గము లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 197వ సెక్షను ప్రకారము యజమాని అంగీకారముగాని, మరే చట్టసమ్మతమైన అధికారముగాని లేకుండ వాహనమును తోలుకొనిపోవుట ప్రత్యేక నేరము. దీనికి మూడు నెలలవరకు కారాగారము గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఐతే అడిగియుండినచో యజమాని తప్పక ఇచ్చియుండునని నిజముగా నమ్మి, అట్లు నమ్ముటకు తగిన కారణముండినచో శిక్షింపరాదని కూడ ఆ సెక్షనే చెప్పుచున్నది. అన్న బండిని తమ్ముడు అత్యవసరముగా ఆసుపత్రికి తోలుకొనిపోవుట నేరము కాదు. పదునెనిమిది ఏండ్లు నిండని బాలుని విషయము బాలల న్యాయ చట్టము క్రింద ప్రత్యేక మండలి విచారించును. కాని అట్టి బాలుడు మోటారు వాహనముల చట్టమునకు విరుద్ధముగా నడచినచో, 2019 సవరణ ననుసరించి అతని సంరక్షకుడును, బండి యజమానియు మూడేండ్లవరకు కారాగారమునకును, 25,000 రూపాయల జరిమానాకును గురికావచ్చును. పిల్లలకు తాళపుచెవి అందుబాటులో ఉంచు తల్లిదండ్రులు ఈ సంగతి మరువరాదు.

శిక్షల వివరము

సాధారణ దొంగతనమునకు 303వ సెక్షను క్రింద మూడేండ్లవరకు కారాగారము గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. రెండవ పర్యాయము, అటుపైన శిక్షపడు వానికి ఒక సంవత్సరమునకు తగ్గకుండ ఐదేండ్లవరకు కఠిన కారాగారమును, జరిమానాయు తప్పవు. 5,000 రూపాయలకు లోబడిన వస్తువును మొదటిసారి దొంగిలించి, దానిని గాని దాని విలువను గాని తిరిగి ఇచ్చినవానికి కారాగారమునకు బదులు సమాజసేవను శిక్షగా విధించు నూతన నిబంధనము ఇందులో చేర్చబడినది. అయితే వాహనముల విషయములో ఇది అరుదుగా మాత్రమే ఉపయోగపడును.

305వ సెక్షను మరింత కఠినమైనది. నివాసమునకు గాని, సొత్తును భద్రపరచుటకు గాని వాడు కట్టడములో జరిగిన దొంగతనమునకును, సరుకులను లేక ప్రయాణికులను చేరవేయుటకు వాడు వాహనమును దొంగిలించుటకును, అట్టి వాహనమునుండి ఏ వస్తువునైనను దొంగిలించుటకును ఏడేండ్లవరకు కారాగారము, జరిమానా విధింపవచ్చును. కావున ప్రయాణికుల ఆటోను, సరుకుల లారీని దొంగిలించినవాడు ఏడేండ్ల శిక్షకు పాత్రుడు. రాత్రి రోడ్డు ప్రక్కన నిలిపిన లారీనుండి బ్యాటరీ విప్పుకొనిపోయినను, ట్యాంకునుండి డీజిలు తీసినను ఈ సెక్షనే వర్తించును. తాళము వేసిన ఇంటి కొట్టములోనుండి మోటారు సైకిలు తీసికొనిపోవుటయు ఇందులోనికే రావచ్చును.

జీతగాడు యజమాని స్వాధీనములోని వస్తువును దొంగిలించినచో 306వ సెక్షను క్రింద ఏడేండ్లవరకు శిక్ష కలదు. దొంగతనము కొరకు కొట్టి గాయపరచినను, చంపుదునని భయపెట్టినను అది బలాత్కారపు దోపిడి. దీనికి 309వ సెక్షను క్రింద పదేండ్లవరకు కఠిన కారాగారము. రహదారిమీద సూర్యాస్తమయ సూర్యోదయముల మధ్య జరిగినచో పదునాలుగేండ్లవరకు. ఐదుగురు లేక అంతకెక్కువమంది కలసి చేసినచో అది బందిపోటు దోపిడి. 310వ సెక్షను క్రింద యావజ్జీవ కారాగారమువరకు పోవచ్చును. ముఠాగా ఏర్పడి దొంగతనములు చేయువారికి 112వ సెక్షను క్రింద ఒక సంవత్సరమునకు తగ్గకుండ ఏడేండ్లవరకు శిక్ష విధించు నిబంధన కొత్తగా వచ్చినది.

దొంగతనము కాకున్నను నేరమగునవి

ట్రాక్టరును ఒక సీజనుకు అద్దెకు తీసికొని, దానిని మరియొక ఊరిలో తాకట్టు పెట్టినవాడు దొంగ కాడు. ఏలయన బండి అతని చేతికి యజమాని సమ్మతితోనే వచ్చినది. అతడు చేసినది నమ్మకద్రోహము. 316వ సెక్షను క్రింద దీనికి ఐదేండ్లవరకు శిక్ష కలదు. స్నేహితుని బండిని అడిగి తీసికొని అమ్ముకొన్నవాడును ఇట్టివాడే. కాలువ గట్టున ఎవరో వదలిపోయిన బండి కనబడినప్పుడు, యజమానిని వెదకు ప్రయత్నము చేయక దానిని సొంతమునకు వాడుకొనుట 314వ సెక్షను క్రింద అక్రమ స్వాయత్తము. దీనికి ఆరు నెలలకు తగ్గకుండ రెండేండ్లవరకు కారాగారము, జరిమానా కలవు.

వాయిదాలు చెల్లింపని బండిని ఋణదాతలు తీసికొనిపోవుట దొంగతనమా యని పలువురు అడుగుచుందురు. అద్దె కొనుగోలు ఒప్పందము ప్రకారము యాజమాన్యము ఋణదాతయందే నిలిచియున్నప్పుడు, ఒప్పందము ననుసరించి బండిని తిరిగి తీసికొనుట దొంగతనము కాదని 2001లో సుప్రీంకోర్టు చెప్పినది. కాని ఇందుకు రౌడీలను పంపి, బలప్రయోగము చేయుట కూడదని అదే న్యాయస్థానము 2007లో గట్టిగా హెచ్చరించినది. ఋణదాతకు హక్కున్నదనుట నిజమే. కొట్టి లాగుకొనుటకు మాత్రము హక్కు లేదు. అట్లు జరిగినచో ఫిర్యాదు చేయవచ్చును.

కొన్నవాని కష్టము

దొంగ ఎంతటి నేర్పరియైనను, కొనువాడు లేనిదే బండిని ఏమి చేసికొనగలడు? కావున చట్టము దొంగతోపాటు కొన్నవానినికూడ పట్టుకొనును. దొంగిలింపబడినదని తెలిసిగాని, అట్లు నమ్ముటకు తగిన కారణముండియుగాని నిజాయితీ లేకుండ కొన్నవానికిని, ఉంచుకొన్నవానికిని 317వ సెక్షను క్రింద మూడేండ్లవరకు కారాగారము గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఇదే వృత్తిగా పెట్టుకొన్నవారికి యావజ్జీవ కారాగారము గాని, పదేండ్లవరకు శిక్ష గాని కలదు. దాచుటకు, మార్చుటకు, భాగములుగా విప్పి అమ్ముటకు సాయపడినవారును శిక్షార్హులే.

"నాకు తెలియదు" అను మాట ఎల్లవేళల రక్షింపదు. లక్ష రూపాయల బండిని పదిహేనువేలకు, పత్రములు తరువాత ఇచ్చెదమను మాటమీద, చీకటిపడిన పిదప కొన్నవాడు నాకు అనుమానము రాలేదని చెప్పినచో న్యాయస్థానము నమ్మునా? అంతేకాదు. దొంగతనము జరిగిన కొలది కాలములోనే ఆ వస్తువు ఎవరివద్ద దొరికెనో, వారు తగిన సంజాయిషీ ఇయ్యనిచో, వారే దొంగయని గాని, దొంగసొత్తని తెలిసి తీసికొన్నవారని గాని న్యాయస్థానము భావింపవచ్చునని సాక్ష్య అధినియమములోని 119వ సెక్షను చెప్పుచున్నది.

నిజముగా ఏమియు తెలియక, తగిన ధర చెల్లించి కొన్నవానికి శిక్ష లేదు. కాని బండియు దక్కదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టములోని మూలసూత్రము ప్రకారము తనకు లేని హక్కును ఒకడు మరియొకనికి ఈయజాలడు. దొంగ చేతినుండి నలుగురి చేతులు మారినను యజమాని యజమానియే. పంట అమ్మిన డబ్బుతో కొన్న బండిని పోలీసులు తీసికొనిపోగా, అమ్మినవాడు పరారియైన పిదప ఆ రైతుకు మిగులునది న్యాయస్థానము చుట్టు తిరుగుట మాత్రమే. సగము ధరకు వచ్చినదని సంతోషించినవాడు మొత్తము ధరను పోగొట్టుకొనును.

పాత బండి కొనునప్పుడు

ఈ కష్టమును తప్పించుకొనుటకు ఒక గంట శ్రమ చాలును. మొదట రిజిస్ట్రేషను పత్రమును చూడవలెను. అందలి ఇంజను నంబరు, ఛాసీ నంబరు బండిమీద చెక్కిన వానితో ఒక్కొక్క అంకె చొప్పున పోల్చవలెను. ఛాసీ నంబరుమీద పలుచని కాగితముంచి పెన్సిలుతో రుద్దినచో అచ్చు పడును. ఆకురాయితో గీకి మరల కొట్టిన అంకెలు అందులో వంకరగా, ఎగుడుదిగుడుగా కనబడును. 2019 ఏప్రిల్ 1వ తేదీ తరువాత తయారైన వాహనములన్నిటికి అధిక భద్రత గల నంబరు పలక తప్పనిసరి. దానిమీద హోలోగ్రాము, ప్రత్యేక వరుస సంఖ్య ఉండును. దానిని ఊడదీసినచో తాళము విరుగును. ఆ పలక మార్చియున్నచో కారణమడుగవలెను.

పూర్వము ఏపీ 21 అను అక్షరములు చూడగనే కర్నూలు జిల్లా బండియని తెలియుచుండెడిది. 2019 నుండి రాష్ట్రమంతటికి ఏపీ 39 అను ఒకే వరుస ప్రవేశపెట్టబడినందున, పలకను చూచి ఊరు చెప్పుట సాధ్యము కాదు. కావున రవాణాశాఖవారి వివరములలో యజమాని పేరు, ఋణభారము, పన్ను, బీమా సరిచూచుకొనవలెను. అమ్ముచున్నది ఆ యజమానియేనా యని గుర్తింపు పత్రముతో రూఢి చేసికొనవలెను. ఇతర రాష్ట్రపు బండియైనచో నిరభ్యంతర పత్రము లేనిదే ముందునకు పోరాదు. ఆ పత్రము ఇచ్చుటకు ముందు ఆ వాహనము దొంగతనపు కేసులో లేదని పోలీసులనుండి వ్రాతపూర్వకముగా తెలిసికొనవలసిన బాధ్యతను చట్టములోని 48వ సెక్షను రిజిస్ట్రేషను అధికారిమీద నుంచినది. తుంగభద్ర అవతలి బండ్లు కొను మన ప్రాంతపు వారికి ఇది గొప్ప రక్ష.

డబ్బు చెల్లించి తాళపుచెవి పుచ్చుకొనుటతో పని ముగియదు. 50వ సెక్షను ప్రకారము రాష్ట్రములోపలి అమ్మకమును అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెను. ఇందుకు 29, 30 నంబరుల ఫారములు కలవు. అమ్మినవారికిది మరింత ముఖ్యము. పేరు మారనంతవరకు ప్రమాదము జరిగినచో రిజిస్టరైన యజమానియే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. తెల్లకాగితముమీద సంతకముచేసి బండి అమ్ముట, బండిని అప్పగించి బాధ్యతను ఇంటనుంచుకొనుటయే.

బండి పోయినచో

బండి కనబడనప్పుడు బంధువుల యిండ్లలో రెండు దినములు వెదకి, మూడవనాడు పోలీసు స్టేషనుకు పోవుట మన పల్లెలలో అలవాటు. ఆ రెండు దినములే దొంగకు కావలసినవి. వెంటనే 112 నంబరుకు టెలిఫోను చేసి, పిదప స్టేషనులో ఫిర్యాదు వ్రాసి ఇయ్యవలెను. రిజిస్ట్రేషను నంబరు, ఇంజను, ఛాసీ నంబరులు, రంగు, గుర్తులు, నిలిపిన స్థలము, సమయము అందులో ఉండవలెను. ఈ నంబరులు గల కాగితము నకలును బండిలో గాక ఇంటిలో భద్రపరచుకొనుట మంచిది.

దొంగతనము కర్నూలులో జరిగినను, నందికొట్కూరు స్టేషనులో ఫిర్యాదు చేయవచ్చును. పరిధి తమది కాదని త్రిప్పిపంపరాదు. 173వ సెక్షను ప్రకారము నమోదు చేసికొని సంబంధిత స్టేషనుకు పంపవలెను. ఎలక్ట్రానిక్ సాధనముల ద్వారా కూడ ఫిర్యాదు పంపవచ్చును. కాని మూడు దినములలోపల పోయి సంతకము చేయవలెను. ప్రథమ సమాచార నివేదిక నకలు ఉచితముగా ఇయ్యబడును, అడిగి తీసికొనవలెను. నమోదు చేయుటకు నిరాకరించినచో ఫిర్యాదు సారాంశమును తపాలా ద్వారా జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు పంపవచ్చును. అప్పటికిని ఫలితము లేనిచో మేజిస్ట్రేటునకు దరఖాస్తు చేసికొనవచ్చును. దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో 90 దినములలోపల ఫిర్యాదుదారునకు తెలుపవలెనని నూతన చట్టము నిర్దేశించుచున్నది. పేదలకు, స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి న్యాయసేవాధికార సంస్థల ద్వారా ఉచిత న్యాయసహాయము లభించును.

బీమా సంగతి

మోటారు వాహనమునకు చట్టరీత్యా తప్పనిసరియైన బీమా, ఎదుటివారికి కలుగు నష్టమునకు మాత్రమే. బండి దొంగిలింపబడినచో దానివలన ఒక పైసయు రాదు. సమగ్ర బీమా తీసికొన్నవారికే దొంగతనపు నష్టము లభించును. దొంగతనము జరిగిన వెంటనే పోలీసులకును, బీమా సంస్థకును తెలుపవలెను. 2010లో ఒక ట్రాక్టరు దొంగిలింపబడగా యజమాని ఆనాడే పోలీసులకు ఫిర్యాదు చేసెను గాని, బీమా సంస్థకు 52 దినముల పిదప తెలిపెను. ఆలస్యమను కారణముచే సంస్థ పరిహారము నిరాకరించినది. పోలీసులకు వెంటనే తెలిపియుండగా, సంస్థకు తెలుపుటలోని ఆలస్యము ఒక్కటియే నిజమైన పరిహారమును త్రోసిపుచ్చుటకు కారణము కాజాలదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ రైతును కాపాడినది నాటి దినమే నమోదైన ఫిర్యాదు. తాళపుచెవిని బండికే వదలిన లారీ విషయములో 2023లో పరిహారమును నూటికి 75 వంతులకే అనుమతించిరి. అజాగ్రత్తకు మూల్యము నాలుగవ వంతు!

దొరికిన బండిని తిరిగి పొందుట

పోలీసు స్టేషను ఆవరణలో ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పుపట్టిన బండ్లను చూచి, "దొరికినను మనకు రాదు" అని పలువురు నిరాశ చెందుదురు. కేసు ముగియువరకు బండి అక్కడనే ఉండవలెనను నియమము లేదు. వాహనములను దీర్ఘకాలము స్టేషనులలో నుంచుట వలన ఎవరికిని ప్రయోజనము లేదనియు, తగిన పూచీకత్తు తీసికొని త్వరగా యజమానికి అప్పగింపవలెననియు 2002లోనే సుప్రీంకోర్టు ఆదేశించినది. ఇప్పుడు సురక్షా సంహితలోని 497వ సెక్షను దీనికి గడువులు నిర్ణయించినది. సొత్తు న్యాయస్థానము ముందుంచిన 14 దినములలో వివరపట్టిక తయారుచేసి, ఛాయాచిత్రములు గాని వీడియో గాని తీయించి, ఆపైన 30 దినములలో అప్పగింతకు గాని, ఇతర పరిష్కారమునకు గాని ఉత్తరువు చేయవలెను. విచారణలో ఆ చిత్రములే సాక్ష్యముగా చెల్లును. యజమాని చేయవలసినది రిజిస్ట్రేషను పత్రము, బీమా పత్రము, ఎఫ్.ఐ.ఆర్. నకలుతో మేజిస్ట్రేటునకు దరఖాస్తు చేసికొనుట.

దొంగ చిక్కినచో

కండ్లయెదుట బండిని దొంగిలించుచున్నవానిని పట్టుకొనుటకు ప్రతి పౌరునకు హక్కు కలదు. సురక్షా సంహితలోని 40వ సెక్షను ఈ అధికారము నిచ్చినది. కాని ఆరు గంటలలోపల అతనిని పోలీసులకు అప్పగింపవలెను. స్తంభమునకు కట్టి కొట్టుటకు ఎవరికిని అధికారము లేదు, కొట్టినవారే నేరస్థులగుదురు. ఆవేశములో ఒక దెబ్బ ప్రాణము తీసినచో, బండి పోయిన కుటుంబము ఒక్కటే గాక, కొట్టినవారి కుటుంబములు కూడ వీధిన పడును. అనుమానముమీద బాటసారిని, ఊరికి కొత్తవానిని బంధించుట మరింత తప్పు. ఈ హక్కు కండ్లార చూచిన నేరమునకే గాని, వదంతికి కాదు.

పల్లె కాపు

బండిని వెలుతురున్న చోట నిలుపుట, చక్రమునకు వేరొక తాళము వేయుట, ట్రాక్టరునుండి తాళపుచెవి తీసికొనిపోవుట, పొలము గట్టున రాత్రి బండిని ఒంటరిగా వదలకుండుట - ఇవన్నియు ఖర్చులేని జాగ్రత్తలు. పత్రములు లేని బండిని కొనము, కొననీయము అని ఒక ఊరు నిర్ణయించుకొన్నచో ఆ ఊరిలో దొంగకు బేరము దొరకదు. పోలీసులు దొంగను పట్టుకొందురు, న్యాయస్థానము శిక్షించును, కాని దొంగసొత్తుకు సంతను మూయగలిగినది ప్రజలే. చెమటోడ్చి కొన్న బండి మన వాకిట నిలువవలెనన్నచో, పొరుగువాని బండి మన వాకిటికి రాకుండ చూచుట మన మొదటి కర్తవ్యము.